పాముచెవుల మేస్త్రి

పంపిన లారీ పంపినట్టే వెనక్కి వచ్చేసరికి షెడ్డులో అందరి చేతులూ ఒక్క క్షణం ఆగిపోయాయి. గడ్డి పరిచి, తాళ్ళు బిగించి, ఆ వారం మొదట్లోనే సాగనంపిన, చేతులు కడుక్కునే చిన్న పింగాణీ బేసిన్లు అవి. పిల్లల బడి కోసం ప్రత్యేకంగా చేసినవి. పసివాళ్ళ చేతికి అందేలా పొట్ట లోతు తగ్గించి, మొహం తగిలినా దెబ్బ తగలకుండా అంచు గుండ్రంగా తిప్పారు. అక్కడ గోడకి మొదటిది బిగిస్తుంటే, మర సగం తిరక్కముందే మెడ దగ్గర రెండుగా విడిపోయిందట. బిగించేవాడి అరచెయ్యి కోసుకుపోయిందట. మిగతావాటిని ముట్టుకునేది లేదని వాళ్ళు అలాగే లారీ ఎక్కించి పంపేశారు.

డ్రైవరు చెబుతున్న ఈ కబురు చిట్టి పూతబల్ల దగ్గర కూర్చునే వింది. బట్టీలోంచి వచ్చిన సరుకులో సూదిమొన గుంటలు, పూత అంటని మచ్చలు వెతికి, కుంచెతో పూత పెట్టి రెండో కాల్పుకి పంపడం ఆమె పని. నలభై దాటి జుట్టులో తెల్లదనం వచ్చినా ఆ ఫ్యాక్టరీలో ఆమె చిట్టే. ఆమె వీపు వెనక, రెండు బారల దూరంలో, తట్టుడు బల్ల దగ్గర కూర్చునేది ఆమె అన్నయ్య. ఆయన చిట్టీ అని పిలుస్తాడు కాబట్టి అందరూ అలాగే పిలుస్తారు.

అన్నయ్యని మాత్రం ఎవరూ పేరు పెట్టి పిలవరు. పాముచెవుల మేస్త్రి అంటారు. ఆయన బేసిన్ని పసిబిడ్డని వొళ్ళో వొరగబెట్టుకున్నట్టు ఎడంచేత్తో పట్టుకుని, కొయ్య సుత్తితో అంచు మీద, పొట్ట మీద, మెడ మీద తడతాడు. మంచిదైతే ఖంగుమంటుంది. ఆ మోత కాసేపు గాలిలో నిలబడుతుంది. లోపల ఎక్కడైనా వెంట్రుకవాసి పగులుంటే టప్పుమని అక్కడికక్కడే చచ్చిపోతుంది. మంచివి ఎడం పక్క చెక్కల మీదికి, పోయినవి కుడి పక్క గోనెపట్టా మీదికి వెళతాయి. కంటికి కనపడని పగులు ఆయన చెవికి కనపడుతుందని కొత్తగా వచ్చినవాళ్ళకి పాతవాళ్ళు చెబుతుంటారు.

మేనేజరు వచ్చి, విరిగిన ముక్కని వెలుతురులో తిప్పి చూశాడు.

"బట్టీ తలుపు చల్లారకముందే తీసేశారు. మెడలు అందుకే చిట్లాయి, అది బట్టీవాళ్ళ తప్పు. ఒప్పుకున్నారు కూడా. కానీ చిట్లినవి మీ బల్ల ఎలా దాటిపోయాయి మేస్త్రీ?"

"దారిలో కుదుపులకి చిట్లి ఉంటాయి సార్," అన్నాడు అన్నయ్య.

"అయి ఉండొచ్చు. మొత్తం దించి మళ్ళీ తట్టండి. బడి తెరిచేలోపు మంచివి అందాలి. పోయినవాటికి పగుళ్ళు పూడ్చి మళ్ళీ కాల్చడమా, పగలగొట్టేయడమా అనేది తర్వాత చూద్దాం."

అన్నయ్య తలూపి మొదటి బేసిన్ ఎత్తాడు. చిట్టి ఇటు తిరిగి కుంచె పట్టుకుంది. అలవాటైన చప్పుడని రోజూ చెవి పెట్టదు గానీ, పెడితే చూడకుండానే ఆయన పని ఆమెకి తెలుస్తుంది. ఖంగు, ఆ వెంటనే ఎడం పక్క చెక్క మీద బరువు ఆనిన చప్పుడు. మళ్ళీ ఖంగు, మళ్ళీ చెక్క. తర్వాత టప్పు. గోనె మీద దించితే మెత్తగా వినపడాలి. చెక్క మోగింది.

ఆమె కుంచె ఆగింది. పరధ్యానంలో పొరపాటు పడ్డాడేమో అనుకుంది. కాసేపటికి ఇంకో టప్పు. మళ్ళీ చెక్కే మోగింది.

చిట్టి వెనక్కి తిరిగి చూసింది. అన్నయ్య తల ఎప్పటిలాగే ఒక పక్కకి వాలి ఉంది. ఒకప్పుడు తట్టేటప్పుడు కళ్ళు మూసుకునేవాడు. ఇప్పుడు తెరిచి, ఎదురుగా నిలబడి సరుకు ఎత్తి ఇస్తున్న కూలీ ముఖంలోకి చూస్తున్నాడు. ఆ కూలీ కొత్తవాడు. వాడు లారీ వైపు చూస్తూ ఆవలిస్తున్నాడు. ఇన్నాళ్ళూ అక్కడ నిలబడిన పాతమనిషి, టప్పుమన్నప్పుడల్లా చేదుమందు మింగినట్టు మొహం పెట్టేవాడు. కిందటి నెల అతన్ని ప్యాకింగుకి మార్చారు. లారీ ఎక్కి వెళ్ళి తిరిగొచ్చిన ఈ సరుకు అతను వెళ్ళిపోయాక తట్టిందే.

అన్నయ్య ఇన్నాళ్ళుగా విన్నది బేసిన్ని కాదు, ఆ మనిషి మొహాన్ని అని చిట్టికి అర్థమైంది. చేతిలో కుంచె మీద పూత ఎండిపోయేదాకా ఆమె అలాగే కూర్చుంది.

సాయంత్రం ఇంటికొచ్చి అన్నయ్య పెరట్లో కాళ్ళు కడుక్కుంటుంటే వంటింట్లోంచి వదిన కేకేసింది. "తువ్వాలు మేకుకి తగిలించాను, తడి చేతులు పంచెకి తుడవకండి." ఆయన శుభ్రంగా పంచెకే తుడుచుకున్నాడు.

"చూశావా? ఉలకరు, పలకరు," అంది వదిన. "పెళ్ళయిన మగాళ్ళందరికీ ఉండే చెవుడే కదా అని నేనూ సరిపెట్టుకున్నాను." అని తనే నవ్వింది. చిట్టి నవ్వలేదు. వదిన చేతిలో గరిటె ఆగిపోయింది.

"నిజంగానా?"

"నీకే తెలియకపోతే నాకెలా తెలుస్తుంది వదినా."

వదిన పెరటి గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించింది. తగ్గించాక, ఆ అవసరం లేదని తట్టినట్టుంది, కళ్ళు తుడుచుకుంది. "ఎవరితోనూ అనకు చిట్టీ. ఆ సుత్తి చేతిలోంచి లాగేస్తే ఆయన మనిషి కాకుండా పోతారు. నీ దగ్గర మాట తీసుకుంటున్నాను."

"అననులే," అంది చిట్టి.

భోజనాల దగ్గర అన్నయ్య ఆపకుండా మాట్లాడాడు. బట్టీవాళ్ళ తొందర గురించి, దారిలో గుంటల గురించి, లారీ డ్రైవరు మీసాల గురించి. ఈమధ్య ఆయన మాటలు ఎక్కువయ్యాయని చిట్టి గమనిస్తూనే ఉంది. తను మాట్లాడుతున్నంతసేపూ ఎదుటివాళ్ళ మాట వినక్కర్లేదు కదా అని ఇప్పుడు తోచింది.

మర్నాడు పొద్దున్నే చిట్టి తట్టుడు బల్ల దగ్గరికి వెళ్ళి, కొత్త కూలీని పక్కకి తప్పుకోమంది. "నువ్వెళ్ళి దించేవాళ్ళకి సాయం పట్టు. పూతబల్ల మీద సరుకు లేదు, నేను అందిస్తాను." వాడికి కావలసిందీ అదే. వెంటనే వెళ్ళిపోయాడు.

ఆమె ఒక పీట లాక్కుని అన్నయ్యకి ఎదురుగా కూర్చుంది. ఆయన ఏమిటన్నట్టు చూసి, బేసిన్ వొరగబెట్టి తట్టాడు. ఖంగుమంది. చిట్టి గొంతు కలపకుండా, పెదవులతో మాత్రం, మంచిది అంది.

అన్నయ్య సుత్తి అలాగే గాలిలో పట్టుకుని ఆమె పెదవుల వైపు చాలాసేపు చూశాడు. తర్వాత బేసిన్ని మెల్లిగా ఎడం పక్కన పెట్టాడు.

తర్వాతది టప్పుమంది. పోయింది, అన్నాయి పెదవులు. కుడి పక్కన పెట్టాడు.

అంతే. అంతకుమించి వాళ్ళ మధ్య దాని గురించి ఏ మాటా నడవలేదు. ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు. ఎండ షెడ్డు నడిమికి వచ్చేసరికి ఇద్దరికీ వరస కుదిరింది. సుత్తి తగిలిందో లేదో అన్నయ్య కళ్ళు ఆమె నోటి మీదికి వచ్చేవి. ఒక్కటీ తప్పు చదవలేదు. మధ్యలో ఒకసారి చిట్టి ఆటపట్టించడానికి, ఆకలేస్తోంది, అని పెదవులు ఆడించింది. "ఇంకా గంట కూడా కొట్టలేదు, నీ పొట్టకి తొందరెక్కువ," అన్నాడాయన పైకే. పక్కన పోతున్నవాళ్ళు ఎవరితో మాట్లాడుతున్నాడా అని చూశారు. ఇద్దరూ తల వంచుకుని నవ్వుకున్నారు. ఒకే ఇంట్లో తింటూ, ఒకే షెడ్డులో పనిచేస్తూ, అన్నయ్య ముఖాన్ని ఇంతసేపు ఎదురుగా చూసి ఎన్నేళ్ళయిందో చిట్టికి గుర్తు రాలేదు. ఆయన కనుబొమలు కూడా నెరిశాయని ఆమె చూసింది ఆ రోజే.

మధ్యాహ్నం బట్టీవాళ్ళు రెండో కాల్పు సరుకు సర్దడానికి ఆమెని పిలిచారు. వెళ్ళనంటే ఎందుకని అడుగుతారు. "నేనొచ్చేదాకా ఆగు," అని అన్నయ్యకి పెదవులతో చెప్పి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి బల్ల పక్కన ఎత్తుగా ఉన్న దొంతర లేదు. మేనేజరు వచ్చి నిలబడ్డాడట. ఆయన ఎదురుగా అన్నయ్య చేతులు ముడుచుకుని ఎంతసేపు కూర్చుంటాడు? తట్టుకుంటూ పోయాడు. దాదాపు అన్నీ ఎడం పక్కకే పోయాయి. ప్యాకింగువాళ్ళు అప్పటికే అక్కణ్ణుంచి తీసి గడ్డి చుడుతున్నారు.

చిట్టి ఎడం పక్కనున్న ఒక దాన్ని వేలి కణుపుతో తట్టింది. ఖంగుమంది. ఇంకోటి తట్టింది. టప్పుమంది. దాన్ని ఎత్తి గోనె మీద పెట్టింది. ఆ పక్కదీ అంతే. దాన్నీ మార్చింది. అన్నయ్య ఆమె చేతినే చూస్తున్నాడు. భుజం మీద గుడ్డ తీసి, సుత్తిని ఏ మురికీ లేకపోయినా తుడవడం మొదలుపెట్టాడు.

గడ్డిలో చుట్టేసినవి ఏవి తను చెప్పినవో, ఏవి అన్నయ్య ఒక్కడే తట్టినవో ఇక చెప్పే దారి లేదు. రేపు అందరికన్నా ముందొచ్చి, చుట్టినవి విప్పి, గుట్టుచప్పుడు కాకుండా మళ్ళీ తట్టాలని చిట్టి అనుకుంది.

తెల్లారి ఆమె వచ్చేసరికి గేటు లోపల లారీ ఇంజను మోగుతోంది. సగం సరుకు ఎక్కేసింది. బడివాళ్ళు తొందర పెట్టారట. మేనేజరు గోనెపట్టా పక్కన, పోయిన బేసిన్ల దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నాడు. చేతిలో చిట్టి బల్ల మీది పూతముద్ద డబ్బా. ఆమెకన్నా ముందే బయల్దేరి వచ్చిన అన్నయ్య పక్కన నిలబడి ఉన్నాడు.

"చిట్టీ, ఇలా రా. ఈ పగుళ్ళలో ముద్ద కూరి మళ్ళీ కాలిస్తే తెలుస్తుందా?"

"తెలీకుండా చెయ్యొచ్చు సార్. కానీ అతకదు. కప్పుతుంది, అంతే."

"ఆ సంగతి నాకూ తెలుసమ్మా. గోడకి ఆనే వైపే కదా అని ఆశ. ఇన్ని పగలగొట్టించానంటే పైవాళ్ళు నన్ను పగలగొడతారు."

అన్నయ్యకి మాటలు అందలేదు గానీ డబ్బా చూసి విషయం పట్టుకున్నాడు. "పోయినవి పోయినవే సార్," అన్నాడు. గొంతు కావలసినదానికన్నా పెద్దగా వచ్చింది. లారీ మీదున్నవాళ్ళు కూడా తిరిగి చూశారు. "ముద్దలు, మందులు వద్దు. పగలగొట్టేయండి. పిల్లలు వాటికి వేలాడతారు. గట్టిగా చెయ్యి వేసి ఎగబాకుతారు. మీ ఇంట్లో పిల్లలు లేరా?"

మేనేజరు లేచి, మోకాళ్ళ దుమ్ము దులుపుకుని నవ్వాడు. "సరే మేస్త్రీ, మీ మాటే. పగలగొట్టిద్దాం." లారీ వైపు తిరిగి, ఎక్కిన సరుకు చూస్తూ అన్నాడు. "మరి వీటికి మీరు పూచీయే కదా?"

అన్నయ్య గోనె మీది బేసిన్లనే చూస్తున్నాడు. తన మాట చెల్లినందుకు ముఖంలో చిన్న తృప్తి ఉంది.

"అడుగుతున్నాను మేస్త్రీ. పూచీ ఉంటారా?"

జవాబు లేకపోయేసరికి మేనేజరు ఇటు తిరిగాడు. "ఏం, మాట్లాడరేం?"

అన్నయ్య చటుక్కున తలెత్తాడు. మేనేజరు పెదవులు అప్పటికే మూసుకున్నాయి. అన్నయ్య కళ్ళు నేరుగా చిట్టి నోటి మీదికి వచ్చాయి.

ఆమె చెయ్యాల్సింది ఎంతో లేదు. అవునండి, అని పెదవులు కదిపితే చాలు. అన్నయ్య చదివి పైకి అనేస్తాడు, లారీ వెళ్ళిపోతుంది, రేపటినుంచి తను ఎదురుగా పీట వేసుకుని కూర్చుంటుంది. వదినకిచ్చిన మాట నిలబడుతుంది. ఆయన చూపు ఆమె నోటి దగ్గర చెయ్యి చాచినట్టు ఉంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు గానీ, ఆ నుయ్యికీ గొయ్యికీ మధ్య నిలబడే చోటు ఇంత ఇరుకని చిట్టికి అంతవరకూ తెలీదు. పిల్లలు వాటికి వేలాడతారు. ఆ మాట అన్నది ఆయనే.

చిట్టి రెండడుగులు వేసి, అన్నయ్యకి వీపు పెట్టి, మేనేజరుకి ఎదురుగా నిలబడింది.

"లారీ ఆపించండి సార్."

"ఎందుకు?"

"అన్నయ్యకి వినపడటం లేదు."

మేనేజరు ఆమె భుజం మీదుగా చూడబోయాడు. "ఆయన్ని చూడకండి," అంది. "నిన్న నేను ఎదురుగా కూర్చుని చెబితే వేరు చేశాడు. నేను లేనప్పుడు తట్టినవి కలిసిపోయాయి. ఆ లారీలో ఉన్నాయి. ఎన్నున్నాయో తెలీదు."

"ఎన్నాళ్ళనుంచి?"

"తెలీదు సార్. అన్నీ నేను మళ్ళీ తడతాను. ఆయన్ని మాత్రం ఆ బల్ల దగ్గరే ఉండనివ్వండి. నేను పక్కనుంటాను. ఇద్దరం కలిసి చేస్తాం."

"ఇద్దరి పని ఒకరు చేస్తే పైవాళ్ళు సంతోషిస్తారమ్మా. ఒకరి పని ఇద్దరు చేస్తామంటే నేనేం చెప్పను?"

చిట్టి ఇంకా చెప్పింది. ఏమేం చెప్పిందో తర్వాత ఆమెకే సరిగా గుర్తు లేదు. చేతులు జోడించింది, కొంగుతో కళ్ళు వొత్తుకుంది. మేనేజరు నేల చూస్తూ విన్నాడు. తర్వాత డ్రైవరుకి చెయ్యి ఊపాడు. ఇంజను ఆగింది.

సరుకంతా దించారు. గడ్డి విప్పారు. చిట్టి అన్నయ్య పీట మీద కూర్చుని, ఆయన సుత్తితో తట్టింది. ఎవరూ మాట్లాడకపోవడంతో ప్రతి మోతా షెడ్డు ఈ చివరినుంచి ఆ చివరికి వెళ్ళింది. ఖంగు, ఖంగు, ఖంగు. ఉన్నట్టుండి టప్పు. అందరి తలలూ ఒక్కసారి వంగేవి. ఎక్కువ లేవు, కానీ ఉన్నాయి. స్తంభానికి ఆనుకుని నిలబడిన అన్నయ్య, ఆ తలలు వంగడం చూసి, ప్రతిసారీ తనూ తల వంచాడు.

అన్నీ అయ్యాక మేనేజరు ఆయన ఎదురుగా వచ్చి, చిన్నపిల్లాడికి చెప్పినట్టు మాట మాటకీ నోరు పెద్దగా తెరిచి చెప్పాడు. "రేపట్నుంచి మీరు వెనక పెరట్లో. పోయిన సరుకు పగలగొట్టాలి. జీతం అదే ఉంటుందిలెండి, నేను చూసుకుంటాను." షెడ్డంతా విన్నది. మాట పూర్తికాకముందే అన్నయ్య తలూపాడు. బల్ల దగ్గరికి వెళ్ళి సుత్తి తీసుకుని, భుజం మీది గుడ్డతో తుడిచి, చిట్టి చేతికి అందేలా పిడి అటు తిప్పి పెట్టాడు.

ఆ సాయంత్రం వాకిట్లో చెప్పులు విప్పకముందే ఆయన వదినకి చెప్పడం మొదలుపెట్టాడు. "నా సంగతి ఎవడో మేనేజరుకి మోసేశాడు. నాకు తెలిసిపోయిందనుకో, వాళ్ళ ముఖాలే చెప్పాయి. కానీ మన చిట్టిని చూడాల్సింది నువ్వు. మేనేజరుకి అడ్డం వెళ్ళి నిలబడింది. చేతులు జోడించింది, ఏడ్చింది, ఎంతసేపు మాట్లాడిందో. లారీనే ఆపించింది. ఈ రోజుల్లో తోడబుట్టినవాళ్ళు కూడా ఎవరు మాట్లాడతారు అలా?"

వదిన వంటింట్లో చిట్టి చేతిని రెండు చేతుల్లోకి తీసుకుంది. "నీ రుణం ఎలా తీర్చుకోనే. ఆ మోసినవాడెవడోగానీ వాడి నోట్లో మన్నుపడ. అన్నం తినే నోరేనా అది?"

చిట్టి చెయ్యి వెనక్కి తీసుకోలేకపోయింది. ఆ పూట కంచం ముందు కూర్చుని, ముద్ద ఎత్తకుండా అన్నం కలుపుతూనే ఉండిపోయింది. అన్నయ్య ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు.

మర్నాడు ఆమె తట్టి, పోయినవాటి మీద సుద్దతో గీత గీస్తే, బండిలో వేసి పెరట్లోకి తోసుకెళ్ళారు. కాసేపటికి గోడ అవతలినుంచి ఇనుప సుత్తి దెబ్బ, ముక్కలు జలజలా రాలిన మోత వినపడ్డాయి. అవి వినపడినప్పుడల్లా చేతిలో ఉన్నదాన్ని ఆమె మళ్ళీ ఇంకోసారి తట్టి చూసుకుంది.

తిండి గంట కొట్టాక పెరట్లోకి వెళ్ళింది. అన్నయ్య ముక్కుకి గుడ్డ కట్టుకుని, తెల్లటి ముక్కల గుట్ట ముందు నిలబడి ఉన్నాడు. కనురెప్పల మీద కూడా తెల్ల దుమ్మే. వెనకనుంచి పిలిచింది. పిలిచాక గుర్తొచ్చి, చుట్టూ తిరిగి ఆయన చూపుకి ఎదురుగా వెళ్ళింది. ఆయన గుడ్డ కిందికి లాక్కుని నవ్వాడు.

"ఎలా ఉంది నీ పని? మెడ దగ్గర రెండుసార్లు తట్టు. అక్కడే మోసం చేస్తుంది."

ఊఁ అంది.

"నువ్వు అంతలా చెప్పినా వినలేదు చూడు. పోనీలే. నీ మాటకి ఇక్కడైనా ఉంచాడు."

చిట్టి ఇంకో అడుగు ముందుకి వేసింది. ఎండ సూటిగా ఆమె ముఖం మీద పడుతోంది. నీడ లేకుండా, ఒక్కో మాటా విడివిడిగా, నెమ్మదిగా పలికింది.

"చెప్పింది నేనే అన్నయ్యా. నీకు వినపడదని మేనేజరుకి నేనే చెప్పాను."

ఆయన కళ్ళు ఆమె పెదవుల మీదే ఉన్నాయి, మొదటి మాటనుంచి చివరి మాటదాకా. మొన్న బల్లకి అటుపక్క కూర్చుని ఒక్క మాట తప్పకుండా చదివిన కళ్ళు. పెదవులు ఆగాక కూడా కాసేపు అక్కడే ఉండిపోయాయి. ముఖంలోని నవ్వు పోలేదు. నవ్వుతున్న మనిషి అందులోంచి లేచి ఎటో వెళ్ళిపోయాడు.

"ఏమన్నావో వినపడలేదమ్మా," అన్నాడు. "దుమ్ముగా ఉంది ఇక్కడ. లోపలికి వెళ్ళి తిను."

"అన్నయ్యా."

ఆ మాట పెదవులు దాటేసరికి ఆయన చూపు దించేశాడు. గుడ్డ ముక్కు మీదికి లాక్కుని, వంగి ఒక చిన్న బేసిన్ని కాలితో సరిచేసుకుని, సుత్తి ఎత్తాడు. దాని మెడ మీద చిట్టి పొద్దున గీసిన సుద్దగీత ఉంది. ఒక్క దెబ్బకే పోయింది.

సాయంత్రం ఎప్పటిలాగే ఆయన గేటు దగ్గర ఆగి ఉన్నాడు. ఎప్పటిలాగే ఆమె టిఫిన్ డబ్బా సంచి అందుకుని తన భుజానికి తగిలించుకున్నాడు. ఇద్దరూ రోడ్డు వారగా నడిచారు. చిట్టి రెండుసార్లు ఆయన ముందుకి వచ్చి ఏదో చెప్పబోయింది. ఆయన రోడ్డు చివర చూస్తూ నడిచాడు. మాట్లాడనూ లేదు. ఈమధ్య ఆపకుండా మాట్లాడే మనిషి.

మలుపు దగ్గర వెనకనుంచి ఇటుకల బండి ఒకటి హారన్ కొట్టుకుంటూ వచ్చింది. చిట్టి ఆయన మోచెయ్యి పట్టుకుని పక్కకి లాగింది. లాగినంత దూరం వచ్చాడు. బండి దాటిపోయేదాకా ఆమె చేతిలో చెయ్యి అలాగే ఉంచాడు. ముఖం మాత్రం ఆమె వైపు తిప్పలేదు.